ఏడాదికి ఒక్క ప్రింటు: గిల్వాన్ సామికో కెరీర్ మీద ఒక ఉడ్‌కట్ పనివాడి కేస్ స్టడీ

ఉడ్‌కట్ అంటే చెక్క పలక (బ్లాక్) మీద బొమ్మ చెక్కి, ఎత్తుగా మిగిలిన భాగానికి ఇంక్ పూసి కాగితం మీద అచ్చు తీయడం; చెక్కేసిన చోటు తెల్లగా మిగులుతుంది. ఆ వర్క్‌షాపు పెట్టిన ప్రతిసారీ మొదటి రోజు మధ్యాహ్నానికల్లా ఎవరో ఒకరు అడుగుతారు: "ఒక బ్లాక్ చెక్కడానికి ఎన్ని రోజులు పడుతుందండీ?" మా దగ్గర నేర్చుకునేవాళ్లు మొన్నమొన్నటిదాకా ఏ4 సైజు పలక మీద రెండు రోజుల్లో ప్రింటు తీసి ఇంటికి పట్టుకెళ్లేవాళ్లు. నా సొంత పనైతే మూడు వారాలు, ఒక్కోసారి రెండు నెలలు. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు గిల్వాన్ సామికో గుర్తొస్తారు. బ్రెజిల్‌కు చెందిన ప్రింట్‌మేకర్, పెయింటర్. జీవితంలో చివరి కొన్ని దశాబ్దాలు ఆయన ఏడాదికి ఒక్క కొత్త ప్రింటే చేస్తూ వచ్చారు. ఆ సంగతి చెప్తే క్లాసులో కాసేపు ఎవరూ మాట్లాడరు.

సామికో గురించి మామూలుగా చెప్పే కథ చిన్నది. చీకటి చీకటిగా బొమ్మలు చెక్కే కుర్రాడు, ఊళ్లో సంతల్లో అమ్మే జానపద పుస్తకాల అట్ట మీది బొమ్మలు చూశాడు, దారి దొరికింది, గొప్పవాడయ్యాడు. ఇందులో అబద్ధం లేదు. కానీ చెక్కతో పని చేసేవాడిగా నాకు ఇది ఎప్పుడూ చాలలేదు. అట్ట బొమ్మలు చాలామంది చూశారు. చూసి చాలామంది వాటిలాగే చెక్కారు. ఆయన పని వాటిలా ఉండదు. మరి ఆయన తీసుకున్నది ఏమిటి? నా జవాబు ఒక్క మాటలో: తెలుపు. పలక మీద తెలుపు ఎక్కడి నుంచి వస్తుంది, దానికి ఎంత ఖర్చవుతుంది అన్న లెక్కను సామికో తిరగరాశారు. ఆ లెక్కే ఆయన్ను ఏడాదికి ఒక్క ప్రింటు దగ్గరికి తీసుకొచ్చిందని నా నమ్మకం. ఈ కేస్ రాయడానికి కారణం అదే.

రెసీఫె, సావో పావ్లో, రియో

సామికో 1928 జూన్ 15న రెసీఫెలో పుట్టారు. బ్రెజిల్ ఈశాన్యంలో పెర్నంబుకో రాష్ట్రానికి రాజధాని అది. అట్లాంటిక్ ఒడ్డున, నదులూ వంతెనలూ ఉన్న ఊరు. లోపలికి వెళ్తే సెర్తావ్ అనే మెట్ట ప్రాంతం వస్తుంది: ఎండ, కరువు, పశువులు, గుర్రాల మీద తోలు బట్టలు వేసుకున్న కాపర్లు. ఈ రెండు ప్రపంచాలూ తర్వాత ఆయన బొమ్మల్లో కలుస్తాయి.

ఆ ఊళ్లో అప్పట్లో శిల్పి అబెలార్దో ద ఓరా చుట్టూ కుర్ర ఆర్టిస్టులు పోగయ్యారు. 1948లో రెసీఫె ఆధునిక కళా సంఘం మొదలైంది. 1952లో ఆ సంఘం కిందే ఒక ఉమ్మడి స్టూడియో తెరిచారు. దాన్ని ప్రారంభించినవాళ్లలో సామికో ఒకరు. మనుషుల బతుకు, పని, వీధి, పండుగ: ఇవీ అక్కడివాళ్లు బొమ్మలుగా వేయాలనుకున్నవి. ఖరీదైన ఫ్రేముల్లో పెట్టి ధనవంతుల ఇళ్లలో వేలాడదీసే కళ మీద వాళ్లకు మోజు లేదు. అందుకే ప్రింట్లంటే ఇష్టపడ్డారు. ఒక పలక, కొంచెం ఇంక్, ఎన్నో కాపీలు.

1957లో సామికో సావో పావ్లో వెళ్లి అక్కడి ఆధునిక కళా మ్యూజియం నడిపే స్కూల్లో లివియో అబ్రామో దగ్గర చేరారు. మరుసటి ఏడాది రియో డి జనీరో వెళ్లి జాతీయ లలిత కళల స్కూల్లో ఓస్వాల్దో గోయెల్ది దగ్గర నేర్చుకున్నారు. బ్రెజిల్ ఉడ్‌కట్‌లో అప్పటికి ఇంతకంటే పెద్ద గురువులు లేరు. వరసగా ఇద్దరి దగ్గరా కూర్చునే అదృష్టం దొరికిందంటే అది మామూలు విషయం కాదు.

ఇక్కడ కాస్త ఆగాలి. ఎందుకంటే ఈ ఇద్దరూ చెక్క మీద పూర్తిగా వేర్వేరు దారుల మనుషులు.

గోయెల్ది 1895లో పుట్టారు. తండ్రి స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ప్రకృతి శాస్త్రవేత్త. బాల్యం అమెజాన్ ముఖద్వారంలోని బెలెం ఊళ్లో, చదువు స్విట్జర్లాండ్‌లో. ఆయన ప్రింట్లలో ఎప్పుడూ రాత్రే. ఖాళీ వీధులు, జాలర్లు, రాబందులు, వానలో ఒంటరిగా నడిచే మనిషి. పలకంతా నల్లగా ఉంటుంది, అందులోంచి కొద్దికొద్దిగా గీరి వెలుగు తీస్తారు. ఒక దీపం, ఒక చేప వీపు, అంతే. అప్పుడప్పుడు ఒక్క రంగు, గొడుగుకు ఎరుపు లాంటిది. గోయెల్ది ప్రింటు ముందు నిలబడితే వీధి చివర ఎవరో ఉన్నారేమో అనిపిస్తుంది.

అబ్రామో దారి గీతలది. ఉలిని ఒక క్రమంలో నడిపి, పక్కపక్కన సన్నగా, సమానంగా గీతలు చెక్కి, ఆ గీతల దట్టాన్ని బట్టి బూడిద రంగు భ్రమ తెప్పిస్తారు. దగ్గరగా చూస్తే గీతలు. దూరం జరిగితే కొండ, ఇల్లు, నాట్యం. దీనికి చెయ్యి నిలకడ కావాలి. ఒక గీత తప్పితే పక్కనున్న ముప్పై గీతలూ దాన్ని ఎత్తి చూపిస్తాయి.

సామికో 1950ల చివర చేసిన ప్రింట్లు చూస్తే గోయెల్ది నీడ స్పష్టంగా కనిపిస్తుంది. నలుపు పైచేయి, మనుషులు మౌనం. మంచి ప్రింట్లే. పనితనం లోటేమీ లేదు. అయితే అది గురువు గారి రాత్రి, శిష్యుడిది కాదు. రెసీఫెలో మధ్యాహ్నం పూట గోడల మీద పడే ఎండ ఎలా ఉంటుందో ఫొటోల్లో చూసినా తెలుస్తుంది. ఆ వెలుగులో పెరిగినవాడు రాత్రిని చెక్కుతూ కూర్చున్నాడు.

సువాసునా సలహా, సంతలో పుస్తకం

తిరిగి పెర్నంబుకో వచ్చాక ఆయనకు ఇదే అసంతృప్తి. తన పని తన నేలది అనిపించడం లేదు. ఆ మాట నాటక రచయిత అరియానో సువాసునాతో అన్నారు. సువాసునా ఇచ్చిన సలహా తర్వాత కళా చరిత్రలో చాలాసార్లు చెప్పుకున్నారు: మన జానపద కథాగేయాల్లోకి, కోర్దెల్ పుస్తకాల్లోకి దిగు.

కోర్దెల్ అంటే తాడు. సంతలో రెండు గుంజల మధ్య తాడు కట్టి, దాని మీద పల్చటి పుస్తకాలు వేలాడదీసి అమ్మేవారు. ఎనిమిది, పదహారు, ముప్పై రెండు పేజీలు. లోపల పద్యంలో కథ: రాకుమారి, దెయ్యం, బందిపోటు, డ్రాగన్, ఊళ్లో జరిగిన హత్య, ఎన్నికలు. అమ్మేవాడు పాడి వినిపించేవాడు, కథ మంచి పట్టులో ఉండగా ఆపేసేవాడు, మిగతాది కావాలంటే కొనుక్కోవాలి. మన జాతరల్లో బాలనాగమ్మ కథ పుస్తకాలు కొనుక్కున్న తరం వాళ్లకు దీన్ని వేరే చెప్పక్కర్లేదు. అట్ట మీద ఒక ఉడ్‌కట్ బొమ్మ ఉండేది. అరచేతికి కాస్త పెద్ద, సుమారు 11 సెంటీమీటర్ల వెడల్పు, 16 ఎత్తు. అక్కడ దొరికే ఉంబురానా అనే మెత్తని చెక్క మీద, చాలాసార్లు మామూలు చాకుతోనే చెక్కేవారు. 2018లో బ్రెజిల్ ప్రభుత్వం కోర్దెల్ సాహిత్యాన్ని జాతీయ సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

ఆ అట్ట బొమ్మ ఎందుకు అలా ఉంటుందో పనివాడి కళ్లతో చూద్దాం. బొమ్మ చిన్నది, కాగితం చవకది, అచ్చు యంత్రం పాతది, కాపీలు వేలల్లో. పలకంతా నల్లగా ఉంచితే ఇంక్ ఖర్చు, పైగా పల్చటి కాగితం మీద మురికిగా పడుతుంది. సన్న గీతలు పెడితే కొన్ని వందల కాపీలకే పూడుకుపోతాయి. అందుకే చెక్కేవాడు బొమ్మను మాత్రం ఉంచి చుట్టూ ఉన్న చెక్కనంతా తీసేస్తాడు. తెల్లటి ఖాళీలో నల్లటి గుర్రం, నల్లటి మనిషి, నల్లటి డ్రాగన్. వెనక కొండలు లేవు, నీడలు లేవు, దూరం దగ్గర లేవు. దూరం నుంచి చూసేవాడికి ఒక్క చూపులో కథ తెలియాలి. అంతే పని.

ఇప్పుడు సామికో 1962లో చేసిన "జువెనాల్, డ్రాగన్" చూడండి. అదే ఏడాది "అలెగ్జాండ్రినో, నిప్పు పక్షి". జువెనాల్ కథ కోర్దెల్‌లో పేరున్న కథే. తర్వాతి ఏడాది "మాంత్రిక ఎద్దు, మాయ గుర్రం". పేర్లు వినగానే సంత గుర్తొస్తుంది. బొమ్మలో రాత్రి పోయింది. తెలుపు వచ్చింది. మనుషులు, జంతువులు పక్కకు తిరిగి, చదునుగా, గట్టి అంచులతో నిలబడ్డారు. రెండు మూడేళ్ల తేడాలో ఇంత మార్పు ఏ ప్రింట్‌మేకర్ కెరీర్‌లోనైనా అరుదు.

కానీ అట్ట బొమ్మలో లేనివి రెండు ఇందులో ఉన్నాయి. జంతువు ఒంటి మీద, రెక్కల మీద, నేల మీద అబ్రామో మార్కు క్రమమైన సన్న గీతలు. రంగును ఒకటి రెండు చోట్ల మాత్రమే వాడే గోయెల్ది పొదుపు. అంటే గురువుల దగ్గర నేర్చినదాన్ని ఆయన వదిలేయలేదు. తెల్లటి నేల మీద దాన్ని కొత్తగా పేర్చుకున్నారు. "జానపదం వైపు తిరిగారు" అన్న మాట నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. ఆ మాటలో ఆ ఇద్దరి ముందు కూర్చుని ఉలి పట్టిన రోజులు మాయమైపోతాయి.

నా బల్ల మీద చేసి చూసినది

ఇంతవరకూ చూసి చెప్పినవి. చేసి చూడకపోతే నాకు నిద్ర పట్టదు. అందుకని రెండు పలకలు తీసుకున్నాను. గుమ్మడి టేకు, 45 సెంటీమీటర్ల ఎత్తు, 25 వెడల్పు. సామికో తర్వాతి కాలపు ప్రింట్లు సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తు, 50 వెడల్పు ఉంటాయి. కాబట్టి నాది ఆయన పలకలో నాలుగో వంతు. ఆయన బొమ్మను కాపీ కొట్టలేదు. మధ్యలో ఒక చెట్టు, రెండు పక్కలా ఎదురెదురుగా రెండు పక్షులు, కింద ఒక పాము. రెండు పలకల మీదా ఒకే డ్రాయింగ్ దించాను.

మొదటిది గోయెల్ది పద్ధతిలో. నలుపు ఉంచి వెలుగు గీరడం. రెండు రోజుల్లో అయిపోయింది. ఉలి సాఫీగా నడిచింది, తప్పులు చీకట్లో కలిసిపోయాయి.

రెండోది సామికో పద్ధతిలో, బొమ్మను ఉంచి చుట్టూ చెక్క తీసి తెలుపు చేయడం. దానికి పదకొండు రోజులు పట్టింది.

ఎందుకో చెప్తాను. గీత నల్లగా రావాలంటే ఆ గీత గట్టులా నిలబడాలి, దానికి రెండు వైపులా చెక్క పోవాలి. పక్షి రెక్కలో ఒక ఈక గీతకు రెండు కోతలు. రెక్కలో ఇరవై ఈకలుంటే నలభై కోతలు. అదీ కాక మేం వాడేది నిలువు కోత పలక, నారలు పొడవునా వెళ్తాయి. నార వెంట వెళ్లే గట్టు బలంగా ఉంటుంది. నారకు అడ్డంగా వెళ్లే గట్టు, ఒకటిన్నర మిల్లీమీటరు వెడల్పుదైతే, ఉలి కాస్త కోణం తప్పినా బిస్కెట్ ముక్కలా ఎగిరిపోతుంది. ఆరో రోజు సాయంత్రం పాము ఒంటి మీది అడ్డ గీతల్లో మూడు అలా పోయాయి. జిగురు పెట్టి అతికించాను. ప్రింటులో ఆ మూడూ ఇప్పటికీ కనిపిస్తాయి, తెలిసినవాళ్లకు.

తర్వాత తెలుపు. గీరిన నేల అంత సులువుగా తెల్లగా రాదు. ఉలి నడిచిన చోట సన్న సన్న గట్లు మిగులుతాయి. రోలర్ వాటిని తాకుతుంది, ఇంక్ అంటుతుంది, ప్రింటులో చీపురు ఊడ్చినట్టు గీతలు పడతాయి. చాలామంది ఆర్టిస్టులు ఆ గీతల్ని కావాలనే ఉంచుతారు, ఉడ్‌కట్‌కు అదో అందం. సామికో ప్రింట్లలో ఆ చెత్త ఉండదు. తెలుపు కాగితమంత తెల్లగా ఉంటుంది. అంటే ప్రతి ఖాళీనీ లోతుగా తీసి, అడుగు నునుపు చేయాలి. ఈ పనిలో బొమ్మ లేదు, ఆవేశం లేదు, కొత్తగా కనిపెట్టేదేమీ లేదు. గంటల కొద్దీ చెక్క తీయడమే. నా మెడ పట్టేసింది.

ఇంకో చిక్కు ప్రింటు తీసేటప్పుడు బయటపడింది. నా దగ్గర పెద్ద ప్రెస్ లేదు. కాగితం పలక మీద పరిచి వెనక నుంచి చెంచాతో రుద్దుతాను. సామికో కూడా ప్రెస్ మీద వేయకుండా చేత్తో రుద్దే ప్రింట్లు తీసేవారు, కాపీలు తనే వేసుకునేవారు. పెద్ద ఖాళీ ఉన్న చోట కాగితం కిందికి జారుతుంది, అంచుల్లో ఇంక్ అంటి తెలుపు మురికవుతుంది. నా చెట్టుకూ పక్షికీ మధ్య వదిలిన ఖాళీలో ఇదే జరిగింది, నాలుగు కాపీలు పాడయ్యాయి. అప్పుడు మళ్లీ ఆయన ప్రింట్ల ఫొటోలు తీసి చూశాను. తెల్లటి చోటు ఎంత ఉన్నా, మధ్యమధ్యలో ఒక నక్షత్రమో, ఆకో, చారల పట్టీయో ఉంటుంది. అందం కోసమే పెట్టారని అన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు నా అంచనా వేరు. అవి గుడారానికి గుంజల్లాంటివి, కాగితాన్ని పైకి పట్టి ఉంచుతాయి. ఆ బొమ్మల పొందికలో సగం చేతి ప్రింటు అవసరం నుంచి పుట్టిందని నేననుకుంటున్నాను.

ఇక సమరూపం. 1970ల నుంచి సామికో బొమ్మలు నిలువుగా సాగి, మధ్యలో ఒక అక్షం చుట్టూ రెండు వైపులా సరిసమానంగా అమరుతూ వచ్చాయి. గుడి తలుపు చెక్కడంలా అంతస్తులు: కింద నీళ్లో పామో, మధ్యలో మనిషో స్త్రీయో, పైన సూర్యుడో నక్షత్రమో, పక్కల జంట పక్షులు, జంట సింహాలు. కాగితం మీద గీస్తే సగం గీసి మడిచి దించుకోవచ్చు. చెక్క మీద కుదరదు. కుడిచేతి వాటం మనిషికి ఎడమ వైపు తిరిగిన పక్షి వీపు వంపు సులువు, కుడి వైపు తిరిగిన పక్షిది ఎదురు. పలకను తిప్పుకుంటూ చెక్కాలి, తిప్పితే నార దిశ మారుతుంది. నా రెండు పక్షులూ అన్నదమ్ముల్లా వచ్చాయి గానీ కవలల్లా రాలేదు. సామికోవి కూడా పట్టి చూస్తే అచ్చంగా ఒకటి కావు. ఒక కన్ను తేడా, ఒక తోక మలుపు తేడా. ఆ తేడా వల్లే బొమ్మ బిగుసుకుపోకుండా ఊపిరి తీసుకుంటుంది.

పదకొండు రోజులు నాలుగో వంతు పలకకు. ఆయన పలకకు నాలుగింతలు వేసుకున్నా నెలన్నర. మరి మిగతా ఏడాది? డ్రాయింగ్. ఒక్కో ప్రింటు వెనక ఎన్నో స్కెచ్‌లు ఉండేవి. ఒక పాము తల ఎటు తిరగాలి, స్త్రీ చెయ్యి ఎంత ఎత్తు లేవాలి అని మార్చి మార్చి గీసేవారు. 2004లో సావో పావ్లోలోని పినాకొతెకా మ్యూజియంలో జరిగిన ఆయన ప్రదర్శన డ్రాయింగ్ నుంచి ప్రింటు దాకా సాగే ఈ ప్రయాణం మీదే పెట్టారు. ఆ పద్ధతి తెలిశాక నాకు సంగతి అర్థమైంది. గట్టు ఎగిరిపోతే తిరిగిరాదు. తెలుపు చేశాక మళ్లీ నలుపు కాదు. ఇంత ఖరీదైన చెక్క పని పెట్టుకున్నవాడు ఉలి పట్టకముందే అన్ని సందేహాలూ తీర్చుకోవాలి. నెమ్మది ఆయన స్వభావం కూడా అయ్యుండొచ్చు. కానీ ఎంచుకున్న పద్ధతి అంత సమయం అడుగుతుంది.

ఒలిండా

1965లో ఆయన రెసీఫె పక్కనే కొండ మీదున్న పాత పట్టణం ఒలిండాలో స్థిరపడ్డారు. చివరిదాకా అక్కడే. పారాయిబా ఫెడరల్ యూనివర్సిటీలో ఉడ్‌కట్ పాఠాలు చెప్పారు. 1962లో ఇటలీలో రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శన వెనిస్ బియెనాలెలో ఆయన ప్రింట్లు ఉన్నాయి, 1990లో మళ్లీ. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం (మోమా) సేకరణలోనూ ఉన్నాయి. 1968లో జాతీయ ఆధునిక కళా ప్రదర్శనలో విదేశీ ప్రయాణ బహుమతి గెలిచి రెండేళ్లు యూరప్‌లో గడిపారు.

యూరప్ వెళ్లి ఆయన తన భాష మార్చుకోలేదు. నలభై ఏళ్ల వయసు, చేతిలో బహుమతి, ప్రపంచమంతా అమూర్త కళ వైపు పరిగెడుతున్న కాలం. అక్కడే ఉండిపోయి ఆ గాలికి తగ్గట్టు మారినవాళ్లు ఎందరో. ఆయన తిరిగొచ్చి ఒలిండాలోనే పాములూ పక్షులూ చెక్కారు. ఈ ఒక్క నిర్ణయం మీద నాకు ఎంత గౌరవమో మాటల్లో చెప్పలేను.

ఆయన తిరిగొచ్చిన 1970లోనే, అక్టోబరు 18న, సువాసునా ఆర్మోరియల్ ఉద్యమం ప్రారంభించారు. రెసీఫెలోని సావ్ పెద్రో చర్చిలో కచేరీ, ప్రదర్శన పెట్టారు. ఈశాన్య బ్రెజిల్ జానపద మూలాల మీద నిలబడి శాస్త్రీయ స్థాయి కళ చేయాలన్నది దాని లక్ష్యం. సంగీతం, నాటకం, సిరామిక్స్, ప్రింట్లు అన్నీ అందులో ఉన్నాయి. ప్రింట్ల వైపు ఆ ఉద్యమానికి ముఖం సామికోనే.

ఇక్కడ నాకు నచ్చని మాట ఒకటి ఉంది. జానపదం "ముడి సరుకు", చదువుకున్న ఆర్టిస్టు దాన్ని "ఎత్తుకు తీసుకెళ్లాడు" అని కొందరు రాస్తారు. బెజెరోస్ ఊళ్లో కోర్దెల్ రాస్తూ, దాని అట్టలు చెక్కుతూ, సంతల్లో తిరిగి అమ్ముకుంటూ ఎదిగిన జె. బోర్జెస్ (1935–2024) ఉన్నారు. ఆయన కూడా బ్రెజిల్ బయట పేరు తెచ్చుకున్న ఉడ్‌కట్ కళాకారుడే. బోర్జెస్ లైన్ లావు, వేగం, నవ్వు ఉంటుంది, జనం కొనుక్కోగలిగేలా ఉంటుంది. ఆయన పలక మీద కథ పరిగెడుతుంది. సామికో పలక మీద కథ ఆగి నిలబడుతుంది, దేవుడి పటంలా. రెండు పనులకూ రెండు లెక్కలు. కోర్దెల్ అట్ట వైశాల్యం సుమారు 176 చదరపు సెంటీమీటర్లు, సామికో పెద్ద ప్రింటు 4,500. పాతిక రెట్లు. ఒకటి వేల కాపీలకు, ఇంకొకటి చేత్తో రుద్దే కొన్ని కాపీలకు. ఒకదాన్ని పైన, ఇంకొకదాన్ని కింద పెట్టడం పనివాళ్లెవరూ చేయరు. తెల్లటి నేల మీద నల్లటి బొమ్మ నిలబెట్టే ధైర్యాన్ని సామికోకు ఇచ్చింది ఆ సంత కళాకారులే, వాళ్లలో చాలామంది పేర్లు అట్టల మీద అచ్చు కూడా కాలేదు.

పెయింటింగ్ గురించి క్లుప్తంగానే చెప్తాను, ఎందుకంటే ఆయన పెయింటింగులు ప్రింట్లంత ఎక్కువ కావు, అంతగా బయట తిరగలేదు కూడా. మొదలు పెట్టింది పెయింటర్‌గానే, ఆ పని పూర్తిగా మానలేదు. అయితే ఒక మాట అనాలి. ప్రింట్లలో ఆయన రంగు వాడే తీరు పెయింటర్‌దే. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ లాంటివి కొన్నే, అవీ చిన్న చోట్లలోనే. 90 సెంటీమీటర్ల నలుపు తెలుపు బొమ్మలో అరచేయంత ఎరుపు పెట్టి ఊరుకోవడానికి రంగు విలువ తెలిసుండాలి. నేర్చుకునేవాళ్లు సాధారణంగా నాలుగు రంగుల బ్లాకులు చెక్కాలని తొందరపడతారు. నేను వాళ్లకు ఈ ప్రింట్లే చూపిస్తాను.

చివరి దశ ప్రింట్లలో నాకు ఎక్కువ ఇష్టమైనవి రెండు. 2001 నాటి "శాంతి కాలంలో యుద్ధ వదంతులు", 2010 నాటి "నిప్పును, గింజను గెలుచుకోవడం". రెండోది చేసేటప్పుడు ఆయనకు 80 దాటింది. ఆ వయసులో ఆ కొలత పలకను అంత శుభ్రంగా తెలుపు చేయడమంటే ఏమిటో మెడ పట్టేసిన నాకు తెలుసు. 2013 నవంబరు 25న రెసీఫెలో కన్నుమూశారు. 2016లో 32వ సావో పావ్లో బియెనాల్‌లో ఆయన ప్రింట్లు కొత్త తరం ఆర్టిస్టుల పనుల మధ్య వేలాడాయి.

క్లాసులో మార్చుకున్నవి

ఈ కేస్ తర్వాత నా వర్క్‌షాపులో కొన్ని మారాయి. మొదటి రోజు ఉలి ఇవ్వడం మానేశాను. ఒకే బొమ్మను పది సార్లు గీయమంటాను, అందులో రెండు అద్దంలో చూసి గీసినవి ఉండాలి, ఎందుకంటే ప్రింటులో బొమ్మ తిరగబడుతుంది. డ్రాయింగ్ మీద నలుపు నింపమని చెప్పేవాణ్ని, ఇప్పుడు తెల్ల రంగుతో తెలుపు నింపమంటున్నాను. తెలుపు కూడా చేయాల్సిన పనే అని చేతికి తెలియాలి. కొంతమంది విసుక్కుంటారు. రెండు రోజుల్లో ప్రింటు ఇంటికి పట్టుకెళ్లే ఏర్పాటు ఇక కుదరడం లేదు, నాలుగు రోజులు చేశాను. వచ్చేవాళ్లు తగ్గారు. వచ్చినవాళ్ల బ్లాకుల్లో అతికించిన గట్లు కూడా తగ్గాయి.

నేను చెక్కిన రెండో పలక బల్ల పక్కనే గోడకు ఆనించి ఉంది. పాము దగ్గర జిగురు మచ్చలు అలాగే ఉన్నాయి. చెట్టుకూ పక్షికీ మధ్య ఆ ఖాళీలో ఒక నక్షత్రం పెట్టుకుని ఉంటే బాగుండేదని ప్రతిరోజూ అనుకుంటాను, కానీ అక్కడ చెక్క లేదు. మూడో పలకకు డ్రాయింగు మొదలుపెట్టాను. ఇప్పటికి పద్నాలుగు కాగితాలయ్యాయి, పాము తల ఇంకా తేలలేదు.